మగ్గం పక్క వంకాయ చెట్టు

మొన్న మా యారాలికి పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో వడ్డించి, వాగు ఒడ్డున పెట్టి దూరం జరగడం మా వైపు ఆనవాయితీ. పిట్ట వచ్చి ముడితే పోయినవాళ్లకు ఏ కోరికా మిగల్లేదని లెక్క. ముట్టకపోతే ఏదో మిగిలిందని అర్థం. మా అత్తకు పెట్టిననాడు సగం పూట ఎండలో నిలబెట్టింది మహాతల్లి. ఒకరు కోడిని కోస్తామన్నారు, ఒకరు గుడికి సున్నం వేయిస్తామన్నారు. ఆఖరుకు ఎవరో జేబులో నుంచి పొగాకు కాడ తీసి విస్తరి మీద పెడితే గానీ కాకి దిగలేదు.

మా యారాలి విషయంలో అంత కథ నడవలేదు. పెద్ద కొడుకు విస్తరి పెట్టి వెనక్కు అడుగేశాడో లేదో, కాకి వచ్చి వాలింది. పొట్టేలు కూర ముట్టలేదు. గారె ముట్టలేదు. ఉసిరికాయంత గుత్తి వంకాయను తొడిమె పట్టుకుని లేచిపోయింది. ఇంక పోదామని అందరూ తిరిగారు. అంతలోనే మళ్లీ వచ్చి రెండోది పట్టుకుపోయింది.

"ఇంకొక్కటి అంటుంది సూడుండ్రి" అని, బతికున్నన్నాళ్లూ ఆమె ఎత్తినట్టే చూపుడు వేలు ఎత్తి చూపించాను. ఏడవాల్సిన చోట అందరం పడీ పడీ నవ్వాం. నాకైతే నవ్వుతూ నవ్వుతూనే కండ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె మా బావ భార్య. మిగతా చోట్ల తోటికోడలు అంటారు, మేం యారాలు అంటాం. యారాళ్ల మధ్య సఖ్యత గురించి లోకంలో ఉన్న సామెతలు నాకూ తెలుసు. అవి కట్టినవాళ్లెవరూ మా ఇంటికి రాలేదు.

నిజాం పాలన పోయిన కొత్తలో నేను కోరుట్ల దగ్గర ఆ మగ్గాల ఇంటికి చిన్న కోడలిగా వచ్చాను. వచ్చిన మర్నాడు పొద్దున లోపలి అర్రలో నుంచి ఎవరినో కోప్పడుతున్న గొంతు వినబడింది.

"ఎండ వచ్చింది గదనే, ఇంక మొఖం వేలాడేసుకుంటవేంది? జరుగు. జర ఇటు జరుగు. గట్ల!"

పాపం, ఎవరో రోగిష్టి పిల్ల ఉన్నట్టుందని తొంగి చూశాను. పిల్లా లేదు, గిల్లా లేదు. ఇంటి పైకప్పులో ఒక గాజు పెంకు ఉంది. దాంట్లో నుంచి నేల మీద చాటంత ఎండ పడుతోంది. ఒక నిలువెత్తు మనిషి కొంగు దోపుకుని, రెండు ఓటికుండలను ఆ ఎండలోకి జరుపుతోంది. కుండల్లో జానెడు వంకాయ మొక్కలు. నన్ను చూసి లేచి నిలబడబోయి, దర్వాజ పై కమ్మికి తల కొట్టుకుంది. "అగ బాయీ!" అని కమ్మిని ఒక తిట్టు తిట్టింది. ఆమె ఎత్తుకు ఆ ఇంటి దర్వాజలు ఏవీ చాలవు. రోజూ తగిలేది, రోజూ కమ్మినే తిట్టేది గానీ ఒక్కనాడూ తల వంచేది కాదు.

ఆమె పుట్టిల్లు ఇచ్చోడ దాటి లోపలికి. మా కులం వాళ్లే, మగ్గం వదిలి అటు పోయి చేను చేసుకుంటున్నారు. మాటలో మరాఠీ కలిసేది. "అగ బాయీ" అన్నప్పుడల్లా మా అత్త మూతి తిప్పి, "ఏం బాసనో ఏమో, దేవునికన్న అర్థమైతదో లేదో" అనేది. "దేవునికెందుకు అత్తా, నా వంకాయలకు అర్థమైతది సాలు" అని ఈమె జవాబు.

ఇంట్లో వంకాయ చెట్టేమిటి అని నేనూ అడిగాను. మా ఇంటికి పెరడు లేదు. ముందు వాకిలంటే వాడందరూ పడుగు నూలు సాగదీసుకునే దారి. అక్కడ గడ్డి మొలిచినా పీకేస్తారు. పైగా మా వాడ మేకలు గంజి పట్టించిన నూలునే నమిలే రకం, వంకాయ మొక్కను వదులుతాయా? అందుకని ఇంట్లో. కానీ అసలు సంగతి అది కాదు. అసలు సంగతి ఒక నాలుగు రోజుల తర్వాత, ఇద్దరం రాట్నాల ముందు కూర్చుని నూలు కండెలు చుడుతుంటే చెప్పింది.

ఆ వంకాయ ఆమె తల్లి పెరట్లోది. పెద్దగా ఎదగదు, ఉసిరికాయంత కాగానే ఆగిపోతుంది. తొడిమె నిండా ముళ్లు. ముక్కలు చేయకుండా, నాలుగు చీలికలు పెట్టి నువ్వుల పొడి కూరితే నోట్లో వెన్నలాగా విడిపోయేదట. తల్లి పోయాక తమ్ముడు పెరడు, చేను కలిపేసి అంతా పత్తి పెట్టాడు. విత్తనం ఎవరూ దాచలేదు. తల్లి బతికున్నప్పుడు ఈమె కొంగున ముడేసుకుని వచ్చిన చిటికెడు విత్తనమే లోకంలో మిగిలింది. అందులోనూ రెండేళ్లు మొక్కలు మొలిచి, పూసి, కాయకుండానే పోయాయి. ఈ రెండు కుండల్లోవి ఆఖరి గింజలు.

"గివి కాయకపోతే ఇగ లేదు చెల్లె. మా అవ్వ కూర ఉండె అని చెప్పుకునుడే."

ఆ మాట చెప్పేటప్పుడు రాట్నం ఆపలేదు. కానీ దారం తెగింది.

ఇక ఆ మొక్కలకు జరిగే సేవ చూడాలి. మగ్గాల ఇంట్లో దూది నుసి ఎక్కడ చూసినా ఉంటుంది, అన్నంలో కూడా. ఆమె రోజూ తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడిచేది. కొడుకులిద్దరి ముక్కులు కారుతున్నా పట్టించుకునేది కాదు గానీ, ఆకు మీద మచ్చ ఉంటే ప్రాణం విలవిల్లాడేది. బియ్యం కడిగిన నీళ్లు పోసేది. ఒకసారి బలమని నూలు గంజి పోసింది, చీమలు పట్టి ఇల్లంతా ఎక్కాయి. ఆ వారం మా బావ గోక్కుంటూనే నేశాడు.

పూలు మాత్రం వచ్చేవి, ఊదారంగు పూలు, ముచ్చటగా. రెండు మూడు రోజులు నిలిచి రాలిపోయేవి. "రాలినయ్" అనే మాట ఆమె అనేది కాదు, మమ్మల్నీ అననిచ్చేది కాదు. "దిగినయ్" అనాలి. పూత మీదున్న చెట్టు నీళ్లు పోసుకున్న ఆడదానితో సమానం అని ఆమె నమ్మకం. కడుపుతో ఉన్నదాన్ని ఉలిక్కిపడేటట్టు చేయొద్దంటారు కదా. మా ముందరి అర్రలో గుంట మగ్గం. పొద్దు పొడిచింది మొదలు ధబ్ ధబ్ మని చప్పుడు. ఆ దెబ్బకే పూలు జడుసుకుంటున్నాయని ఆమె తీర్మానించుకుంది. అందుకే కుండలు రెండూ లోపలి అర్రలో. అర్రకు, మగ్గానికి మధ్య తలుపు మూసేది. తలుపు సందులో పాత చీర కుక్కేది. మా బావ దగ్గితే కూడా, "మెల్లగ! పూత మీదున్నయ్" అని వేలు చూపించేది.

"నా ఇంట్ల నేను దగ్గొద్దా?" అనేవాడాయన.

"దగ్గు. బయటికి పోయి దగ్గు."

మా అత్తకు ఇదంతా మంట. ఆమె పొగాకు నలిపే చేతితో ఇల్లంతా ఏలిన మనిషి. ఒకనాడు లోపలి అర్ర గడప మీద కూర్చుని తీర్పు చెప్పింది.

"ఓ పెద్దపిల్లా, దసరా దాక సూస్త. కాయ కాసిందా, సరే. లేదా, చెట్లు పీకి మేకకేస్త. కుండలల్ల నూలు నానేసుకుంట."

"ఓటికుండల్ల నూలెట్ల నానుతది అత్తా?"

"నోరు మాత్రం ఓటిది కాదు" అని అత్త పొగాకు ఉమ్మడానికి లేచిపోయింది. అది వట్టి బెదిరింపు కాదని ఇద్దరికీ తెలుసు. ఆ ఇంట్లో అత్త అన్నమాట వెనక్కు తీసుకోవడం ఎవరూ చూడలేదు. ఆ రాత్రి మా యారాలు అన్నానికి రాలేదు, కుండల దగ్గరే కూర్చుంది. అది ఆ ఇంట్లో కరువు వచ్చినంత పెద్ద విశేషం.

ఆ ఏడు భాద్రపదంలో ఊళ్లో అమ్మవారు లేచింది. నాకు పోసింది. ఒళ్లంతా పొక్కులు, మంట, జ్వరం. అమ్మవారు పోసిన మనిషిని చప్పుడు లేని చోట, వేపాకుల మీద పడుకోబెట్టాలి. మళ్లీ మళ్లీ మనుషులు ఆ అర్రలోకి తిరగకూడదు. మా ఇంట్లో చప్పుడు లేని చోటు ఒక్కటే ఉంది.

"వంటింట్ల మూలకు పండబెడుదాం" అన్నది అత్త. ఆమె కూడా ఆ కుండల వంక చూసే అన్నదని తర్వాత నాకు అర్థమైంది.

"వంటింట్ల పొగకు పిల్ల కండ్లు పోతయ్" అన్నది మా యారాలు. "నా చెట్లు బయటికి వస్తయ్, పిల్ల లోపలికి పోతది."

"మరి పూత?"

"దిగితే దిగుతది."

ఆ ఒక్కసారే ఆ మాటను అంత తేలిగ్గా అన్నది. నేను జ్వరంలో గోడకు ఆనుకుని విన్నాను. నా కన్నతల్లి కూడా నా కోసం అంత విడిచిపెట్టిన సందర్భం నాకు గుర్తులేదు. రెండు కుండలూ ఎత్తుకుని బయటికి పోతూ, ఎప్పటిలాగే కమ్మికి తల కొట్టుకుంది. కమ్మిని తిట్టలేదు.

ముందరి అర్రలో చోటు ఎక్కడ? కిటికీ గూట్లో ఒక కుండ పట్టింది. రెండోదానికి జాగా లేక, కిటికీ పక్కనే మగ్గం గుంజకు, గోడకు మధ్య బావ కొట్టుకున్న చెక్క మీద పెట్టింది. ఆయన కండెల బుట్ట పెట్టుకునే చెక్క అది. బావ దెబ్బ వేసినప్పుడల్లా గుంజ కదిలేది, గుంజతో చెక్క, చెక్కతో కుండ, కుండతో మొక్క. పూలన్నీ జడుసుకున్నట్టే తలలు ఊపేవి. అది చూడలేక ఆమె ముందరి అర్రలోకి రావడమే మానేసింది. కండెలు కూడా వంటింట్లో కూర్చుని చుట్టి, పిల్లవాడి చేత పంపించేది. దసరాకు చీరలు కావాలని నూలిచ్చే సేటు తొందర పెడుతున్నాడు. బావ పొద్దంతా నేస్తూనే ఉన్నాడు. నేను లోపల పడుకుని ఆ ధబ్ ధబ్ వింటూ, ప్రతి దెబ్బకూ ఒక పువ్వు పోయిందనుకుని కుమిలిపోయాను.

నాకు పొక్కులు ఎండి, వేపాకు నీళ్లు పోసిన రోజది. తల ఆరబెట్టుకుంటుంటే ముందరి అర్రలో నుంచి అత్త కేక.

"సచ్చిన్రో! ముల్లు! నా ఏలు!"

అత్తకు అప్పటికే చూపు మందగించింది. బావకు సల్ల చెంబు ఇచ్చి, తిరిగి వస్తూ ఆసరాకు చెక్క పట్టుకోబోయి, చెట్టు పట్టుకుంది. తొడిమె ముల్లు గుచ్చుకుంది. ఆమె వేలు నోట్లో పెట్టుకుని తిడుతూ తిడుతూ ఆగింది. మళ్లీ చెయ్యి పెట్టి మెల్లగా తడిమింది. ఎండిన పువ్వు కింద ఏదో గుండ్రంగా తగిలింది.

"ఓసి! ఓ పెద్దపిల్లా! ఉరుకు! ఇది కాయనే! కాయనే!"

మా యారాలు వంటింట్లో నుంచి ఉరికి వచ్చింది. వచ్చి ముట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని, గడ్డం చెక్కకు ఆనించి చూసింది. శనగగింజంత పచ్చటి కాయ. దాని పక్కన ఇంకోటి. కింద కొమ్మకు ఇంకోటి. కిటికీ గూట్లో కుండ వంక చూస్తే, దాని కింద రాలిన పూలు తప్ప ఏమీ లేవు. ఒకే విత్తనం, ఒకే నీళ్లు, ఒకే ఎండ. ఊగిన చెట్టుకు కాయలు, ఊగని చెట్టుకు రాలిన పూలు. చెక్క మీది చెట్టు ఆకుల మీద పసుపు చల్లినట్టు సన్నటి పుప్పొడి కూడా ఉంది, దెబ్బ దెబ్బకూ పువ్వులోంచి రాలినది.

"నేను రెండేండ్లు వీటిని జోకొట్టి పండబెట్టిన" అన్నది ఆమె మెల్లగా. "వీటికి కావాల్సింది ఊపుడా!"

"ఉయ్యాల ఊపకుండ ఏ పిల్ల పెరిగిందే?" అన్నది అత్త, ఈ సంగతి తనకు ముందే తెలిసినట్టు. అన్నమాట వెనక్కు తీసుకోని మనిషి, కొత్తమాట ముందుకు వేయడంలో మాత్రం దిట్ట.

అప్పుడు చూడాలి మా యారాలిని. నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని, ఇల్లు కూలేటట్టు నవ్వింది. "అగ బాయీ! అగ బాయీ!" అంటూ నన్ను ఎండిన పొక్కులు ఇంకా రాలని ఒంటిమీదనే వాటేసుకుంది. కిటికీ గూట్లో కుండ తెచ్చి చెక్క మీద జరిపింది. కండెల బుట్ట నేల మీదికి పోయింది. ఆ రోజు నుంచి మా బావకు కష్టాలు మొదలయ్యాయి.

ఆయన బీడీ కోసం ఆగితే చాలు, వంటింట్లో నుంచి గొంతు వినబడేది. "ఏమయ్యో, మగ్గం ఆగింది. పూలు ఎదురుసూస్తున్నయ్." ఆయన అలసి నడుము వాల్చబోతే దర్వాజలో నిలబడి చూపుడు వేలు ఎత్తేది. "ఇంకొక్క జానెడు."

"సేటుకన్న నువ్వే ఎక్కువ నేయిస్తున్నవే!"

"సేటుకు చీరలే కావాలె. నాకు కాయలు కావాలె. నెయ్యి."

ఆయన గొణుక్కుంటూ నేసేవాడు. అత్త గోడకు ఆనుకుని కాపలా. మేకను గడప తొక్కనిచ్చేది కాదు. కొడుకు చెయ్యి ఆగితే కోడలి కన్నా ముందు ఆమే కేక వేసేది. చీరల కోసం నడిచే మగ్గం, వంకాయ కోసం నడవడం మొదలుపెట్టింది. ఆ దసరాకు మా ఇంట్లో నేసినన్ని చీరలు వాడలో ఎవరింట్లోనూ నేయలేదు.

పండుగనాటికి రెండు చెట్లకూ కాయలు నిలిచాయి. ముందు కాసిన వాటిని ముట్టనియ్యలేదు. అవి విత్తనానికి. పచ్చగా మారి, పసుపు పచ్చగా పండి, తోలు ముడతలు పడేదాకా చెట్టు మీదనే ఉంచింది. అత్త ఆశగా చూసేది.

"నేను సచ్చినంక పెడుతవా నాకు?"

"ఇంకొక్క కాపు రానీ అత్తా. విత్తనం దక్కినంక అన్నీ నీకే."

పండుగనాడు మాత్రం తలా ఒక్క కాయ దక్కింది. ఒక్కటే. నాలుగు చీలికలు, నువ్వుల పొడి, చింతపండు పులుసు. జొన్నరొట్టె పక్కన మధ్యలో ఒక్క వంకాయ. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చేతులు పడిపోయేటట్టు నేసినందుకు ఒక్కటేనా?" అన్నాడు. తిన్నాక రొట్టెతో ఖాళీ పళ్లెం రెండుసార్లు తుడిచాడు. అత్త తొడిమెను కూడా చప్పరించి, "ముల్లున్నదానికే రుచుంటది" అన్నది. అది వంకాయ గురించేనో, కోడలి గురించో ఎవరూ అడగలేదు.

పండిన కాయల గింజలు బూడిదలో కలిపి ఆరబెట్టి, గుడ్డలో మూట కట్టి ఉట్టిలో పెట్టింది. మరుసటి వానాకాలానికి మా ముందరి అర్ర గోడ పొడుగునా చెక్క, చెక్క నిండా కుండలు. మగ్గం కొడితే తోటంతా ఊగేది.

ఆ శ్రావణంలోనే ఆమెకు పుట్టింటి నుంచి ఒడిబియ్యానికి పిలుపు వచ్చింది. తోడుగా నేనూ పోయాను. గోదావరి దాటి, నిర్మల్ ఘాట్ ఎక్కి, ఇచ్చోడలో బస్సు దిగి, అక్కడి నుంచి బండి. దారి పొడుగునా ఒళ్లో తడిగుడ్డ చుట్టిన నారు, కాళ్ల దగ్గర కాయల బుట్ట. బస్సు గతుకుల్లో ఎగిరిపడినప్పుడల్లా, "మంచిగ ఊపుతుండు డ్రైవరు" అని మెచ్చుకునేది.

ఊళ్లో ఇల్లు మినహాయిస్తే చుట్టూ పత్తే. ఆమె బండి దిగి, ఒకప్పుడు పెరడు ఉన్న దిక్కుకు చూసి కాసేపు నిలబడింది. తమ్ముడు మంచివాడే. "ఏం సద్ది తెచ్చినవ్ అక్కా?" అన్నాడు బుట్ట చూసి. "వంకాయలా? సంతల గంపలకు గంపలున్నయ్ గదనే" అని నవ్వాడు.

ఆమె నేరుగా వంటింట్లోకి పోయి, తల్లి వాడిన పొయ్యి మీదనే కూర వండింది. తమ్ముడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపాడు. పళ్లెంలోకి చూశాడు. తర్వాత అక్క వంక చూశాడు.

"ఇది… మన అవ్వది గదా?"

"మరి?"

"ఏడ దొరికింది?"

"మా మగ్గం కాడ" అన్నది ఆమె. గొంతులో గర్వం దాచుకోలేదు, దాచుకోవాల్సిన పనీ లేదు.

మర్నాడు పొద్దున పీట వేసి, తమ్ముడూ మరదలూ ఆమె ఒడిలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు పోశారు. ఆడబిడ్డ ఒడి నింపేది పుట్టిల్లు. అది అందరికీ తెలిసిన మర్యాద. బియ్యం పోయడం అయిపోయాక ఆమె పీట మీద నుంచి లేవలేదు.

"పిల్లా, నువ్వు గూడ కొంగు పట్టు" అన్నది మరదలితో.

మరదలు తెల్లబోయి కొంగు చాచింది. ఆమె అందులో ఒక దోసెడు వంకాయలు పోసి, వాటి మీద నారు కట్ట పెట్టింది.

"గిది పుట్టింటి సొమ్ము. నేను దాచి తెచ్చిన. మల్ల పోగొడితె మాత్రం ఒడిబియ్యానికి రాను."

తమ్ముడు లేచాడు. నారు కట్ట తీసుకుని, కండువా తలకు చుట్టుకుని, చేనులోని బావి దిక్కుకు నడిచాడు. మేమంతా వెనకాల. మోకాలెత్తు పత్తి, అప్పుడప్పుడే మొగ్గ తొడుగుతోంది. రైతు తన చేతితో పచ్చటి పత్తి పీకడం నేను అంతవరకూ చూడలేదు. ఆయన బావి పక్కన ఒక సాలు ఈ చివర మొదలుపెట్టి ఆ చివరిదాకా పీకేశాడు. మట్టి చేతులతో నడుము ఎత్తి, అక్క వంక చూశాడు.

"గింత సాలునా అక్కా?" అన్నాడు.

ఆమె ఒడిబియ్యం నడుముకు కట్టుకుని, అలాగే గట్టు మీద నిలబడి ఉంది. పైన కమ్మీ లేదు, కప్పూ లేదు. నిటారుగా నిలబడి, చూపుడు వేలు పైకెత్తింది.

తమ్ముడు నవ్వుతూ మళ్లీ వంగాడు.